లేయర్లకు (గుడ్ల కోళ్లకు) ఇన్ఫెక్షన్ రాకుండా మినరల్ పౌడర్ కలపాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

గుడిపాల_లేయర్ | నవంబర్ 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు పక్కన గుడిపాల. నాన్న పెట్టిన ఫారం, రెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఒకటే షెడ్డు, 8,000 కోళ్లు, వయసు 44 వారాలు. పది రోజుల కిందటి దాకా రోజుకు ఒకటో రెండో పోయేవి. ఇప్పుడు రోజూ తొమ్మిది, పది. నిన్న 12. పొద్దున్నే షెడ్డు తలుపు తీయాలంటే టెన్షన్‌గా ఉంటోంది.

చచ్చినవి బరువు తగ్గినవి కావు, తురాయి కూడా ఎర్రగానే ఉంది. ఒకదాన్ని కోసి చూస్తే పొట్ట నిండా పసుపు నీళ్లు, ఉడికిన పచ్చసొన ముక్కల్లాంటి గడ్డలు. రోజుకు నూరు కోళ్లకు వచ్చే గుడ్లు 91 నుంచి 85కి దిగాయి. పెంకు పలచబడింది, ప్రతి ట్రేలో ఒకటి రెండు పగులుతున్నాయి. కొన్ని కోళ్లకు గురక ఉందని షాపులో అడిగితే టైలోసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. నాలుగు రోజులుగా నీళ్లలో పెడుతున్నాను.

మొన్న ఒక కంపెనీ అబ్బాయి వచ్చి మినరల్ పౌడర్ చూపించాడు. జింక్, కాపర్, సెలీనియం, ఏదో ఖనిజపు మట్టి కలిపిందట. ఇది వాడితే బ్యాక్టీరియా దరి చేరదు, యాంటీబయాటిక్ అవసరమే రాదు అన్నాడు. టన్ను దాణాకు రెండు కిలోలు, కిలో 340 రూపాయలు. మాకు రోజుకు 880 కిలోల దాణా పడుతుంది. లెక్కేస్తే నెలకు 18 వేలు, గుడ్డుకు దాదాపు 9 పైసలు. నాన్న వద్దంటున్నారు. నాకేమో కళ్లముందు కోళ్లు పోతుంటే ఏదో ఒకటి చేయాలనిపిస్తోంది. వాడినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.

బంగారుపాళ్యం_పాతషెడ్డు | నవంబర్ 9, రాత్రి 10:05

తమ్ముడూ, పౌడరు సంగతి తర్వాత. రేపు తెల్లవారుజామున పోయిన కోళ్లను రెండు మూడు తీసుకుని తిరుపతి వెటర్నరీ కాలేజీకి వెళ్లు. మధ్యాహ్నం దాకా షెడ్డులో పడేసి, ఉబ్బిపోయాక తీసుకెళ్తే ఏమీ తెలియదు. కవర్లో వేసి, ఐసు మధ్యలో పెట్టి తీసుకెళ్లు. మందు ఇంకా పెట్టని, నలతగా ఉన్న కోడి ఒకటి ప్రాణంతో ఉన్నది కూడా ఉంటే ఇంకా మంచిది.

నేను 26 ఏళ్లుగా కోళ్లు పెంచుతున్నాను. పేరు తెలియని జబ్బుకు కొన్న మందు డబ్బులు కలిపితే ఇంకో షెడ్డు కట్టేవాడిని.

కుప్పం_గుడ్లు | నవంబర్ 10, ఉదయం 6:40

నేను వాడాను కాబట్టి చెప్తున్నాను. అదే కంపెనీదో కాదో తెలియదు, నాది చీలేటెడ్ మినరల్స్, అంటే ఒంటికి తేలిగ్గా పట్టే రూపంలోవి. 50 వారాలు దాటిన బ్యాచ్‌కి పెట్టాను. నెలన్నరకు పగుళ్లు బాగా తగ్గాయి, చావులు కూడా తగ్గాయి. మా ఊళ్లో ఇంకో ఇద్దరు నన్ను చూసి మొదలుపెట్టారు. ధర ఎక్కువే కానీ పెంకు విషయంలో నాకైతే తృప్తిగా ఉంది.

కోళ్ల_డాక్టర్_తిరుపతి | నవంబర్ 10, ఉదయం 7:30

గుడిపాల బాబూ, నువ్వు రాసిన లక్షణాలు చూస్తే గుడ్డు పొట్టలో పడి చీము పట్టే జబ్బులా ఉంది, పెరిటోనైటిస్ అంటాం. ఎక్కువసార్లు దీని వెనక ఉండేది ఈ కోలై (E. coli) అనే బ్యాక్టీరియా. అయినా బంగారుపాళ్యం పెద్దాయన చెప్పిందే మొదటి పని. ఫౌల్ టైఫాయిడ్ అయితే లివర్ ఉబ్బి కంచు రంగుకు తిరుగుతుంది, ఫౌల్ కలరా అయితే దాని తీరు వేరు. కంటితో ఊహించి మందు రాయడం తప్పు.

ఇక ఖనిజాల మాట. ఈ విషయం చాలామందికి తలకిందులుగా చేరింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఈ కోలై బయటినుంచి వచ్చే కొత్త శత్రువు కాదు. ప్రతి కోడి పేగులోనూ ఉంటుంది. అది ఉండకూడని చోటికి చేరినప్పుడే జబ్బు. దానికి ఉన్న దారులు ముఖ్యంగా మూడు. అమ్మోనియా ఘాటుకు, గురక జబ్బుకు దెబ్బతిన్న శ్వాసనాళం ఒకటి. పూత చెడిపోయిన పేగు గోడ రెండోది. వెనకనుంచి గుడ్డు దిగే నాళంలోకి పైకి ఎక్కడం మూడోది. మూడు చోట్లా లోపల ఒక పలచని పొర ఉంటుంది. ఆ పొర బాగున్నంత కాలం సూక్ష్మజీవి బయటే ఆగుతుంది.

జింక్ పని ఇక్కడే. పొరలోని కణాలు ఒకదానికొకటి బిగుతుగా అంటుకుని ఉండాలన్నా, పాతవి రాలి కొత్తవి పుట్టాలన్నా జింక్ కావాలి. రోగనిరోధక కణాలు తయారవడానికీ కావాలి. పెంకుకు కార్బొనేట్ అందించే ఎంజైమ్ కూడా జింక్ లేకపోతే పనిచేయదు. మాంగనీస్ తగ్గితే పెంకుకు పునాది సరిగ్గా పడదు. పెంకు లోపలి పొరలు గట్టిపడటానికి కాపర్ కావాలి. సూక్ష్మజీవిని చంపే క్రమంలో కోడి కణాలు తమను తాము కాల్చుకోకుండా సెలీనియం, విటమిన్ ఈ కలిసి కాపాడతాయి.

అంటే లోటు ఉన్నచోట ఇస్తే గోడ బాగుపడుతుంది. లోటు లేనిచోట రెట్టింపు ఇచ్చినంత మాత్రాన గోడ రెట్టింపు మందం కాదు. ఆ కంపెనీ అబ్బాయి చెప్పని మాట ఇదే.

పుత్తూరు_ఫీడ్‌మిల్ | నవంబర్ 10, ఉదయం 11:15

డాక్టర్ గారికి నమస్కారం. నేను దాణా మిల్లు నడుపుతున్నాను, కాబట్టి బ్యాగు మీది అక్షరాలు చదవడమే నా పని.

తమ్ముడూ, రెండు ఫోటోలు పెట్టు. ఇప్పుడు నువ్వు వాడే మినరల్ మిక్చర్ బ్యాగుది ఒకటి, ఆ కొత్త పౌడర్‌ది ఒకటి. జింక్ ఉంది, కాపర్ ఉంది అని రాస్తే చాలదు. కిలోకు ఎన్ని గ్రాములు, ఏ రూపంలో అన్నది ఉండాలి. సల్ఫేటా, ఆక్సైడా, చీలేటా అన్నదాన్ని బట్టి కోడికి అందేది మారుతుంది. మొక్కజొన్న, సోయా, తవుడులో ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. అది జింక్‌ను పట్టుకుని వదలదు, రెట్టలో పోతుంది. చీలేట్ అంటే ఆ పట్టుకు దొరక్కుండా కొంత వరకు కాపాడిన రూపం. కుప్పం అన్నకు పెంకు బాగుపడటంలో వింత లేదు. వయసు మీరిన కోడికి అది ఎక్కువగా కనిపిస్తుంది.

దాణాలో ఫైటేజ్ (ఫైటిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైమ్) వేస్తున్నావా? టాక్సిన్ బైండర్ (బూజు విషాలను పట్టుకునే పొడి) ఏది?

గుడిపాల_లేయర్ | నవంబర్ 10, రాత్రి 8:50

అక్కా, ఫోటో సరిగ్గా రాలేదు, చూసి రాస్తున్నాను. మా మిక్చర్ టన్నుకు ఒక కిలో. కిలోలో జింక్ 80 గ్రాములు, మాంగనీస్ 90, ఐరన్ 50, కాపర్ 10, సెలీనియం 0.3. ఫైటేజ్ వేస్తున్నాం. బైండర్ బెంటోనైట్ మట్టిది, టన్నుకు రెండు కిలోలు.

కొత్త పౌడర్ ప్యాకెట్ మీద పేర్లే ఉన్నాయి, అంకెలు లేవు. ఫోన్ చేసి అడిగితే అది కంపెనీ ఫార్ములా, చెప్పరు అన్నాడు.

డాక్టర్ గారూ, ఈ రోజు మూడు కోళ్లను తిరుపతికి తీసుకెళ్లి ఇచ్చి వచ్చాను. కోసినప్పుడు పక్కనే ఉన్నాను. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు.

పుత్తూరు_ఫీడ్‌మిల్ | నవంబర్ 10, రాత్రి 9:30

అయితే విను. నీ దాణాలో జింక్ ఇప్పటికే 80 పీపీఎం (టన్నుకు 80 గ్రాములు) ఉంది, అది చాలినంతే. సెలీనియం 0.3 పీపీఎం. అసలు జాగ్రత్త ఉండాల్సింది ఇక్కడే. సెలీనియం చాలా తక్కువ కావాలి, అవసరానికి, విషానికి మధ్య ఎడం చాలా చిన్నది. అమెరికాలో కలపడానికి అనుమతి ఉన్నదే 0.3 పీపీఎం దాకా. అంకె రాయని పొడిలో ఎంత ఉందో తెలియకుండా దాని మీద ఇంకొంత వేయడం నాకు భయం.

జింక్ అయినా అంతే. గుడ్లు ఆపించి ఈకలు రాల్చి మళ్లీ లేయింగ్‌కు తేవడానికి ఒకప్పుడు జింక్ ఆక్సైడ్ వాడేవాళ్లు. టన్నుకు 20 కిలోల దాకా జింక్ పడేలా ఇస్తే కోడి తిండి మానేసి గుడ్లు ఆపేసేది. అంత మోతాదు ఎవరూ పొరపాటున వేయరు, నిజమే. కానీ మినరల్ కదా, ఎక్కువైతే ఏం నష్టం అనే మాట మా మిల్లులో నేను రానివ్వను.

పీలేరు_నాటుకోడి | నవంబర్ 11, ఉదయం 7:05

ఒక సందేహం. జింక్ సూక్ష్మజీవులను చంపుతుందని చాలాచోట్ల చదివాను. అది అబద్ధమా?

కోళ్ల_డాక్టర్_తిరుపతి | నవంబర్ 11, ఉదయం 8:20

అబద్ధం కాదు. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి. యూరప్‌లో తల్లిపాలు మాన్పించిన పంది పిల్లలకు విరేచనాలు పట్టకుండా దాణాలో 2,500 పీపీఎం దాకా జింక్ ఆక్సైడ్ కలిపేవాళ్లు. పనిచేసేది కూడా. కానీ ఆ జింక్ అంతా పేడతో పొలాల్లోకి పోయి నేలలో పేరుకుంది. దాంతోపాటు ఇంకో చిక్కు వచ్చింది. జింక్, కాపర్‌లను తట్టుకునే జన్యువులూ, యాంటీబయాటిక్‌లను తట్టుకునే జన్యువులూ కొన్ని బ్యాక్టీరియాల్లో పక్కపక్కనే ఉంటాయి. లోహాన్ని ఎక్కువ పోస్తే అది తట్టుకున్నవే మిగులుతాయి, వాటితోపాటు మందుకు లొంగని గుణం కూడా మిగులుతుంది. 2022 జూన్‌లో యూరోపియన్ యూనియన్ ఆ మోతాదు వాడకాన్ని ఆపేసింది.

కాబట్టి లేయర్ దాణాలో జింక్‌ను పోషకంగా చూడాలి, మందుగా చూడకూడదు.

ఐరన్ గురించి ఎవరూ అడగలేదు, నేనే చెప్తాను. బ్యాక్టీరియా పెరగడానికి ఇనుము కావాలి. ఈ కోలై, సాల్మొనెల్లా రెండూ ఇనుమును లాక్కోవడానికి ప్రత్యేకమైన పదార్థాలను వదులుతాయి. అందుకే ఇన్ఫెక్షన్ రాగానే కోడి శరీరం రక్తంలోని ఇనుమును దాచేస్తుంది. గుడ్డులో కూడా అదే ఏర్పాటు ఉంది. తెల్లసొనలో ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ ఇనుమును పట్టి కట్టేస్తుంది, లోపలికి దూరిన క్రిమికి తిండి దొరకదు. ముప్ఫై ఏళ్లుగా పిల్లలకు ఈ పాఠం చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఆశ్చర్యంగానే ఉండేది. రాతి గ్రిట్‌లో (దాణాలో కలిపే సున్నపురాయి నలక), డీసీపీలో (కాల్షియం, ఫాస్ఫరస్ కోసం కలిపే పొడి) ఇనుము మలినంగా ఎలాగూ ఉంటుంది. జబ్బు కోళ్లకు బలం కోసమని ఐరన్ టానిక్ పోసేవాళ్లు ఒకసారి ఆలోచించాలి.

పలమనేరు_మల్బరీ | నవంబర్ 11, మధ్యాహ్నం 1:10

నేను కోళ్ల రైతును కాదు, పట్టుపురుగులు పెంచుతాను. మల్బరీ తోటకు ప్రతి ఏడాది రెండు లోడ్ల కోళ్ల ఎరువు తోలుకుంటాను. డాక్టర్ గారు నేల సంగతి ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. దాణాలో కాపర్ ఎక్కువ పోస్తే అదంతా మా తోటలోకే వస్తుంది గదా? రెట్టలో పోయేది నేలలో కరిగిపోతుందా, అట్లాగే ఉంటుందా?

మా చిన్నాన్నకు 60 గొర్రెలు ఉన్నాయి. గొర్రెకు కోళ్ల ఎరువు తగలనీయవద్దని ఆయన ఎప్పుడూ అంటారు, కారణం మాత్రం తెలియదు.

కోళ్ల_డాక్టర్_తిరుపతి | నవంబర్ 11, మధ్యాహ్నం 2:45

మీ చిన్నాన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. గొర్రె లివర్ కాపర్‌ను బయటికి పంపలేదు, కూడబెట్టుకుంటూ పోతుంది. ఒకరోజు ఒక్కసారిగా రక్తంలోకి వదులుతుంది. కామెర్లు, ఎర్రటి మూత్రం, రెండు రోజుల్లో చావు. కాపర్ ఎక్కువ వాడిన కోళ్ల ఫారం ఎరువు తిని గొర్రెలు చచ్చిన సంగతి మా పుస్తకాల్లో పాతదే.

కాపర్ లోహం. కరిగిపోదు, కుళ్లిపోదు. నేల పై పొరలోనే ఏళ్ల తరబడి ఉంటుంది. మీరు ఎరువు కొనేటప్పుడు దాణాలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతున్నారా అని అడగండి. అడగడం మీ హక్కు.

యాదమరి_25వేలు | నవంబర్ 11, సాయంత్రం 6:30

అందరూ పుస్తకం మాటలు చెప్తున్నారు. ఫీల్డులో మేం చూసేది వేరు. రోజుకు పది కోళ్లు పోతుంటే మినరల్స్ పెట్టుకుని కూర్చుంటామా? మా వైపు సీజన్ మారగానే ముందుజాగ్రత్తగా దాణాలో యాంటీబయాటిక్ ఐదు రోజులు వేస్తాం. ఇంతకుముందు కొలిస్టిన్ ఉన్నప్పుడు ఈ గొడవే లేదు.

కోళ్ల_డాక్టర్_తిరుపతి | నవంబర్ 11, రాత్రి 8:00

మీ బాధ నాకు అర్థమవుతుంది. 25 వేల కోళ్లు అంటే అప్పు ఎంత ఉంటుందో కూడా ఊహించగలను. అయినా ఈ మాట ఒప్పుకోలేను.

కొలిస్టిన్ మనుషుల ఆసుపత్రిలో చివరి ఆయుధం. ఐసీయూలో ఇంకే మందుకూ లొంగని ఇన్ఫెక్షన్‌కు అదే దిక్కు. కోళ్లలో విచ్చలవిడిగా వాడితే అదీ మొద్దుబారుతుందనే 2019 జూలైలో కేంద్రం ఆహార జంతువులకు దాని తయారీ, అమ్మకం నిషేధించింది. రేపు మన ఇంట్లో పిల్లవాడికి అవసరమైతే పనిచేయాలి కదా.

జబ్బు వచ్చినప్పుడు, పరీక్ష చేసి, ఏ మందుకు లొంగుతుందో చూసి, సరిపడా రోజులు వాడండి. వద్దని ఎవరన్నారు? ఆ రోజుల్లో, ఆ తర్వాత గడువు దాకా వచ్చే గుడ్లు అమ్మకూడదు. సీజన్ మారిందని అందరికీ వేయడం మాత్రం మానండి.

గుడిపాల బాబూ, నీతో ఇంకో సంగతి. నువ్వు దాణాలో బెంటోనైట్ వేస్తూ నీళ్లలో టైలోసిన్ పెడుతున్నావు. బెంటోనైట్ మట్టి విషాలను పట్టుకున్నట్టే టైలోసిన్‌ను కూడా పట్టుకుంటుంది. మందు పేగులో ఆ మట్టికి అంటుకుని రెట్టలో పోతోంది. నాలుగు రోజుల డబ్బు సగం పెంటలో పోసినట్టే. పైగా టైలోసిన్ గురక జబ్బు మీద పనిచేస్తుంది, ఈ కోలై మీద కాదు. టెట్రాసైక్లిన్ మందులకు ఇలాంటి చిక్కే కాల్షియంతో ఉంది. లేయర్ దాణాలో 4 శాతం దాకా కాల్షియం ఉంటుంది, మందును కట్టేస్తుంది. ఎన్రోఫ్లాక్సాసిన్ కూడా గట్టి నీళ్లలో బలం తగ్గుతుంది. ఖనిజం ఒక్కోసారి మందుకే అడ్డు పడుతుందని షాపులో ఎవరూ చెప్పరు.

గుడిపాల_లేయర్ | నవంబర్ 11, రాత్రి 9:40

డాక్టర్ గారూ, ఇది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాకు ఎవరూ చెప్పలేదు. టైలోసిన్ ఆపేశాను. అయితే బైండర్ తీసేయాలా?

పుత్తూరు_ఫీడ్‌మిల్ | నవంబర్ 11, రాత్రి 10:10

వద్దు తమ్ముడూ, ఈ వానల్లో తీయవద్దు. ముందు మొక్కజొన్న చూడు. తేమ 14 శాతం దాటితే బూజు పడుతుంది. బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం తయారై లివర్‌నూ, రోగనిరోధక శక్తినీ రెంటినీ దెబ్బకొడుతుంది. పచ్చసొన తయారయ్యేది లివర్‌లోనే కాబట్టి గుడ్లూ పడతాయి. నిజంగా ఇన్ఫెక్షన్ నుంచి కాపాడే ఖనిజం ఏదని నన్నడిగితే ముందు ఈ మట్టినే చెప్తాను. క్రిములను అది ఏమీ చేయదు. కోడిని బలహీనం చేసే విషాన్ని పట్టుకుంటుంది. అఫ్లటాక్సిన్‌ను బాగా పట్టుకుంటుంది, టీ-2 లాంటి మిగతా బూజు విషాలను అంతగా పట్టుకోలేదు.

మీటర్ లేకపోతే ఇలా చెయ్యి. బాగా ఆరిన గాజు సీసాలో మూడో వంతు మొక్కజొన్న పోసి, పొడి ఉప్పు రెండు చెంచాలు వేసి, మూత పెట్టి రెండు నిమిషాలు కుదుపు. పావుగంట ఉంచు. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 దాటినట్టు. ఆ సరుకు నిల్వ పెట్టకు.

రెండోది గ్రిట్. పెంకు పలచబడిందన్నావు కదా. గాజు పాత్రలో గ్లాసుడు నీళ్లు పోసి, అందులో కొంచెం బాత్రూమ్ యాసిడ్ కలుపు. నీళ్లలోకి యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు కాదు. చేతులకు గ్లవ్స్ వేసుకో, ఆరుబయట చెయ్యి. ఒక చెంచా గ్రిట్ వేసి వదిలెయ్. సున్నం అంతా బుసబుస పొంగి కరిగిపోతుంది. పొంగు ఆగాక ఇంకొంచెం యాసిడ్ వేసి చూడు. అప్పటికీ అడుగున మిగిలేది ఇసుక.

బంగారుపాళ్యం_పాతషెడ్డు | నవంబర్ 12, ఉదయం 5:50

గ్రిట్ మీద నా అనుభవం కూడా చెప్తాను. పెంకు రాత్రిపూట తయారవుతుంది. గుడ్డు పెంకు ఆరు గ్రాములు ఉంటే అందులో కాల్షియమే రెండు గ్రాముల పైన. రాత్రి కోడి తినదు. పిండి సున్నం అయితే సాయంత్రానికే పేగు దాటిపోతుంది. గింజంత గ్రిట్ అయితే కందెనకాయలో నిలబడి రాత్రంతా మెల్లగా కరుగుతుంది. అది లేకపోతే ఎముకలోంచి లాగి పెంకు కడుతుంది. 40 వారాలు దాటాక మూడింట రెండు వంతులు గింజ గ్రిట్ ఉండేలా చూస్తాను, సాయంత్రం మేతలో ఇంకొంచెం ఎక్కువ చల్లుతాను.

ఇంకోటి తమ్ముడూ, నీళ్ల ట్యాంకు పైకెక్కి ఎప్పుడు చూశావు? నీ కోళ్లు రోజుకు 1,700 లీటర్ల పైన తాగుతాయి, దాణా కంటే రెట్టింపు. మన చిత్తూరు బోర్లలో నీళ్లు గట్టివి, కొన్నిట్లో తుప్పు కూడా. ఆ తుప్పు, సున్నం పైపుల్లో పేరుకుంటే దాని మీద జిగురు పొర పడుతుంది. క్రిములకు అదే ఇల్లు. చివరి నిప్పుల్ (కోళ్లు నీళ్లు తాగే మొన) విప్పి వేలుతో తడిమి చూడు, జారుగా ఉంటే అర్థం అయిపోతుంది.

కుప్పం_గుడ్లు | నవంబర్ 12, ఉదయం 9:00

పెద్దాయన మాట చదివాక నాకొకటి గుర్తొచ్చింది, దాచిపెట్టడం బాగుండదు. నేను చీలేటెడ్ మినరల్స్ మొదలుపెట్టిన నెలలోనే పాత నిప్పుల్ లైను తీసేసి కొత్తది వేశాను. కారుతున్నవన్నీ పోయాయి, కింద రెట్ట ఆరింది, అమ్మోనియా వాసన తగ్గింది. చావులు తగ్గడానికి ఏది కారణమో నేను గట్టిగా చెప్పలేను. పెంకు మాత్రం మినరల్స్ వల్లనే అని నా నమ్మకం.

కోళ్ల_డాక్టర్_తిరుపతి | నవంబర్ 12, ఉదయం 10:30

కుప్పం అన్నా, ఇలా రాసినందుకు ధన్యవాదాలు. మీ నమ్మకం సరైనదే కావచ్చు. కళ్లు మండేంత అమ్మోనియా ఉన్న షెడ్డులో శ్వాసనాళంలోని సన్నటి నూగు చచ్చుబడుతుంది, ఈ కోలై దుమ్ముతోపాటు నేరుగా గాలి సంచుల్లోకి పోతుంది. ఆ దారి మూసింది మీ నిప్పుల్ లైను. కొన్ని చోట్ల జియోలైట్ అనే ఖనిజపు పొడిని రెట్ట మీద చల్లుతారు, అది అమ్మోనియాను పీల్చుకుంటుంది. ఖనిజాన్ని కోడి నోట్లో పోయకుండా కింద చల్లి కూడా మేలు పొందవచ్చు.

నీళ్లకు బ్లీచింగ్ పౌడర్: తాజాది అయితే వెయ్యి లీటర్లకు 10 గ్రాములు చాలు, అంటే సుమారు 3 పీపీఎం క్లోరిన్. విడిగా బకెట్లో కలిపి తేరిన నీళ్లే ట్యాంకులో పోయాలి. పీహెచ్ 7 కంటే తక్కువ ఉంటే క్లోరిన్ బాగా పనిచేస్తుంది. లసోటా (కొక్కెర తెగులు) టీకా నీళ్లలో ఇచ్చే ముందు క్లోరిన్ ఆపడం మరచిపోవద్దు, లేకపోతే టీకా చచ్చిపోతుంది.

తిరుపతి_గుడ్లషాపు | నవంబర్ 12, మధ్యాహ్నం 12:20

మా షాపుకు ఈ నెలలో పలచటి పెంకు గుడ్లు ఎక్కువ వస్తున్నాయి. మురికి ఉన్నవి కడిగి అమ్మవచ్చా?

కోళ్ల_డాక్టర్_తిరుపతి | నవంబర్ 12, మధ్యాహ్నం 12:50

చన్నీళ్లతో కడగవద్దమ్మా. పెంకు మీద సహజంగా ఉండే పూత పోతుంది, లోపల చల్లబడి మురికి నీటిని రంధ్రాల్లోంచి పీలుస్తుంది. పొడిగుడ్డతో తుడవండి. పగిలినవి పక్కన పెట్టండి.

గుడిపాల_లేయర్ | డిసెంబర్ 4, రాత్రి 9:15

ఇన్నాళ్లు రాయలేదు, క్షమించండి. ఒక్కొక్కటీ చెప్తాను.

రిపోర్టు వచ్చింది, ఈ కోలై. ఏ మందుకు లొంగుతుందో పరీక్ష చేసి ఇచ్చారు. మూడు మందులకు లొంగలేదు, అందులో ఇంతకుముందు మేం రెండుసార్లు వాడినది ఉంది. అక్కడి డాక్టర్ గారు రాసిన మందు ఆయన చెప్పినన్ని రోజులు ఇచ్చాం, ఆ రోజుల గుడ్లు, తర్వాత గడువు దాకా వచ్చినవి పూడ్చేశాం. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, తనే గొయ్యి తవ్వించారు.

ట్యాంకు ఎక్కి చూశాను. మూత సగం విరిగి ఉంది, అడుగున ఎర్రటి బురద జానెడు. పైన వేపచెట్టు, కాకుల రెట్టలు. నీళ్ల పరీక్షలో ట్యాంకు దగ్గర కంటే చివరి నిప్పుల్ దగ్గర కోలిఫాంలు (ఈ కోలై లాంటి బ్యాక్టీరియా) ఎక్కువ వచ్చాయి. ట్యాంకు కడిగించి కొత్త మూత వేయించాను. లైన్లు రెండు రాత్రులు శుభ్రం చేసి, కోళ్లు తాగే ముందు బాగా నీళ్లు వదిలాను.

ఉప్పు పరీక్షలో ఒక లోడు మొక్కజొన్నకు ఉప్పు అంటుకుంది. ఎండ లేక ఆరబెట్టలేకపోయాను, వెనక్కి ఇచ్చేశాను. గ్రిట్ పరీక్షలో అడుగున మూడో వంతు ఇసుక మిగిలింది. అమ్మినాయనకు చూపిస్తే మాట్లాడలేదు. పుత్తూరు అక్క మిల్లులో లెక్క చూపించుకుని, మా మిక్చర్‌లోనే జింక్, మాంగనీస్‌లలో కొంత భాగం చీలేటెడ్ రూపంలోకి మార్చాం. మొత్తం మోతాదు పెంచలేదు. ఆ పౌడర్ కొనలేదు.

చావులు 12 నుంచి ఆరుకు, తర్వాత మూడుకు వచ్చాయి. ఈ వారం రోజుకు రెండు. గుడ్లు నూటికి 88. పగుళ్లు ఇంకా ఉన్నాయి, కాకపోతే మూడు ట్రేలకు ఒకటి.

యాదమరి_25వేలు | డిసెంబర్ 4, రాత్రి 10:00

తమ్ముడూ, నేనూ నిన్న ట్యాంకు ఎక్కాను. మీరు చెప్పిన జిగురు మా లైన్లలో కూడా ఉంది. 25 వేల కోళ్లు లోపల ఉండగా లైను ఎట్లా శుభ్రం చేశారో వరుసగా రాస్తారా? మందు ఏది, ఎంత, ఎన్ని గంటలు?

బంగారుపాళ్యం_పాతషెడ్డు | డిసెంబర్ 5, ఉదయం 5:40

యాదమరి అబ్బాయీ, ఆదివారం నేను చిత్తూరు వస్తున్నాను. నీ షెడ్డుకే వచ్చి చూపిస్తాను, రాయడం కంటే అది మేలు. నిప్పుల్ విప్పే పానా, తెల్లబట్ట ముక్క ఒకటి సిద్ధంగా ఉంచు.

గుడిపాల తమ్ముడూ, కొత్త గ్రిట్ లోడు వచ్చిందా? మూట మూటకు ఒక చెంచా తీసి మళ్లీ పరీక్ష చెయ్యి. పై మూటలు ఒకలా, కింద మూటలు ఒకలా ఉంటాయి.

గుడిపాల_లేయర్ | డిసెంబర్ 5, ఉదయం 6:30

రేపు వస్తుంది అన్నా. లారీ దిగకముందే చూస్తాను, సీసా ఫోటో ఇక్కడ పెడతాను. ఈ పొద్దు ఒకటే పోయింది.